చక్రాల ఇంట్లో పాలు పొంగించాం

మొన్న శుక్రవారం ఈ దుబాయ్ ఎడార్లో ఒక ఇంటి ముఖాన్ని పడమటి నుంచి తూర్పుకి తిప్పింది ఎవడో తెలుసా? మీ మంచం మీద కూచుని మీ టీ తాగతన్నోడే. గునపం ముట్టుకోలేదు, ఇటిక కదపలేదు. స్టీరింగు మీద ఒంటి చెయ్యేసి తిప్పేను. తిప్పినాక ఆ ఇల్లేమైందన్నది తర్వాత చెప్తాను, తిప్పింది నేనేనన్నది మాత్రం ముందు గుర్తెట్టుకోండి. ఒరేయ్, అప్పుడే నవ్వకు, టీ ముక్కులోకి పోద్ది.

మా అర్బాబ్ సంగతి మీకు తెలుసుగా, నేను బండి తోలే ఇంటాయన. చలికాలం వచ్చిందంటే ఆయనకి బంగళాలో నిద్రపట్టదు. కారవాన్ తీసుకుని ఎడారి మీద పడతాడు. కారవాన్ అంటే బండి ఎనకాల తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, బాత్రూము, అన్నీ అందులోనే. మీరు ఆరుగురు పడుకునే ఈ కరామా రూము దాని ముందు ఎందుకూ పనికిరాదు. కోప్పడకండి, ఉన్నమాటే చెప్తన్నాను.

సెలవు రోజుకి మంచి చోటు దొరకాలంటే ఇక్కడ ముందురోజే డ్రైవర్ని పంపుతారు. డ్రైవరెళ్ళి చోటు ఏరి, కారవాన్ పెట్టి, ఆ చోటుకి కాపలా కూచోవాలి. మర్నాడు ఫ్యామిలీ దిగుద్ది. ఈసారి అర్బాబ్ నన్ను పిలిచి, "వెంకట్, ఖుద్రా చెరువుల దగ్గిర పెట్టు. మా అమ్మ కూడా వస్తంది. చోటు బాగోకపోతే ఆవిడ బండి కూడా దిగదు" అన్నాడు.

"అర్బాబ్, చెరువు సంగతి నాకొదిలెయ్. నేను కొల్లేరోణ్ణి" అన్నాను.

"కొల్లేర్ క్యా హై?" అన్నాడు.

"చెరువే. దుబాయ్ అంత ఉంటది."

ఆయన నన్ను పైకీ కిందకీ చూసి, "ఇంట్లో అన్ని నీళ్ళు పెట్టుకుని ఇక్కడికెందుకొచ్చావ్?" అన్నాడు.

"నీళ్ళు చూసి చూసి మొహం మొత్తి" అన్నాను. మరి అబద్ధమా? నేను పుట్టినప్పుడు మంత్రసాని ఒళ్ళు కడిగేలోపలే బుంగలో చెయ్యెట్టి కొర్రమీనుని పట్టేనంట. మా అమ్మనడగండి కావాలంటే. ఆవిడా నాలాగే చెప్తది.

సరే, అసలు నాకు ఆ చోటుతో పనేంటో చెప్పాలి కదా. మా మంగ విజిట్ వీసా మీద వచ్చింది. వాళ్ళన్నయ్య, అంటే మా బావ, షార్జా అల్ నహ్దాలో ఉంటాడు, అక్కడే దిగింది. బావకి బెడ్రూము ఒక్కటే. మంగకి హాల్లో ఒక మూల పరదా కట్టేరు. నేను సెలవురోజు ఎళ్తే ఆ పరదా ఎనకాలే మా కాపరం. అవతల బావ సోఫాలో కూచుని టీవీ చూస్తా ఉంటాడు, సౌండు బొత్తిగా తగ్గించి. మర్యాదస్తుడు, మాకు ఇబ్బంది కాకూడదని తగ్గిస్తాడు. దాంతో నేను గొంతు దించి "ఏం మంగా" అంటే, పరదా అవతల నుంచి "ఏం బావా" అని ఆయన పలుకుతాడు.

పెళ్ళైన కాణ్ణుంచీ మాదంతా ఇంతే. అక్కడ మా అమ్మా నాన్నా తమ్ముళ్ళూ, ఇక్కడ ఈ పరదా. మేమిద్దరమే ఉన్న గది అంటూ ఒకటి లేదు. మంగేమో వచ్చిన దగ్గర్నుంచీ "మీకో మాట చెప్పాలండీ" అంటది, పరదా వైపు చూసుద్ది, "తర్వాత చెప్తాలెండి" అంటది. ఇంకో వారం పోతే వీసా అయిపోద్ది, ఎళ్ళిపోద్ది. ఆ మాట చెప్పకుండానే ఎళ్ళిపోద్దేమోనని నాకు లోపల పీకుతానే ఉంది.

అందుకని అర్బాబ్ చోటు చూడమనగానే నాకు ఎలిగింది. "మా ఆవిణ్ణి తీసుకెళ్ళనా, వంట సామాను సర్దిపెడద్ది" అన్నాను. "యల్లా, తీస్కెళ్ళు" అన్నాడు. అంతే. మంగకి ఫోన్ చేసి, "చెరువు గట్టు మీద ఇల్లు చూసేను. రేపంతా మనిద్దరమే" అని చెప్పేను.

బావ ఫోన్ లాక్కుని, "నువ్వు చూసిన చోటంటే నాకు భయం బావా. మొన్న పార్కింగు నేను చూస్తానని ఎళ్ళి చెత్తబండి నిలబెట్టే చోట పెట్టేవ్" అన్నాడు.

"అది రోడ్డు. ఇది నీళ్ళు. నీళ్ళ దగ్గిర నాకు తిరుగు లేదు" అన్నాను.

శుక్రవారం మధ్యాన్నం బయల్దేరేం. ముందు అర్బాబ్ పెద్ద బండి, ఎనకాల కారవాన్. మంగ దారి చూస్తే ఒట్టు. మెడ ఎనక్కి తిప్పి, "ఇల్లు వస్తందాండీ?" అంటది. రాక ఎక్కడికి పోద్ది? మళ్ళీ కాసేపటికి, "కుళాయి తిప్పితే నీళ్ళెక్కడ్నుంచి వస్తాయండీ?"

"కింద ట్యాంకు."

"వాడిన నీళ్ళెక్కడికి పోతాయి?"

"ఇంకో ట్యాంకు."

"మరి బాత్రూమువి?"

"అవి అర్బాబ్ చూసుకుంటాడు" అన్నాను.

పెట్రోలు కోసం ఆపితే దిగి కారవాన్ చుట్టూ తిరిగింది. వంగి అడుగున చూసింది. "ఏవండీ, నాలుగు మూలలా ఈ ఇనప కాళ్ళు మడిచి ఉన్నాయి, ఎందుకు?" అనడిగింది.

నాకు తెలీదు. తెలీదని పెళ్ళాంతో చెప్తారా ఎవరన్నా? "అవి ఊరికే అందానికి మంగా. ఇక్కడోళ్ళకి డబ్బులెక్కువ" అన్నాను. ఈ కాళ్ళ సంగతి కూడా గుర్తెట్టుకోండి.

ఖుద్రా ఎళ్ళినాక చోటు ఏరడం చూడాలి మీరు. మిగతా డ్రైవర్లు వచ్చినోళ్ళు వచ్చినట్టు ఆపేసి చాప పరుచుకుంటన్నారు. నేనలా కాదు. మొదటి చోటు చెట్ల కింద. నీడ బ్రహ్మాండంగా ఉంది. కానీ పక్కన పాతికమంది కుర్రాళ్ళు స్పీకరు పెట్టుకుని ఉన్నారు. పరదాకి భయపడి ఇంతదూరం వచ్చి పాతికమంది బావల మధ్య దిగుతానా? వద్దన్నాను. రెండోది ఎత్తు మీద. గుప్పెడు ఇసక గాల్లోకి ఎగరేసేను, మా కొల్లేట్లో గాలి చూసేది అలాగే. ఇసకొచ్చి మంగ కళ్ళలో పడింది. "చూసేవా, చుట్టుపక్కలోళ్ళు మాంసం కాల్చే పొగంతా ఇటే వస్తది. పనికిరాదు" అన్నాను. మంగ కళ్ళు నులుముకుంటా, "ఎగరెయ్యకముందే చెప్పొచ్చుగా" అంది.

మూడోది చూడగానే బ్రేకేసేను. చెరువు తూర్పు గట్టు. ఎదురుగా నీళ్ళు, నీళ్ళ మీద బాతులు, అవతల పొద్దు దిగడానికి తయారుగా ఉంది. ఒక్క మనిషి లేడు. ఇంత మంచి చోటు ఎందుకు ఖాళీగా ఉందని మంగ అడిగింది. "కన్నున్నోడికే కనబడద్ది" అన్నాను. కాస్త కిందగా ఒక బోర్డు ఉంది. అరబీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది, అవి రెండూ నాకు రావు. బొమ్మ కూడా ఉంది, చక్రం సగం ఇసకలో దిగబడినట్టు. టైరు షాపోళ్ళు పెట్టుకున్నారనుకున్నాను.

అయినా బోర్డు దాటి ఎళ్ళలేదండీ. గట్టి నేల మీదే, నీళ్ళకి బాగా ఇవతలే పెట్టేను. తలుపు నీళ్ళ వైపుకి, అంటే పడమటికి. వీడియో తీసి అర్బాబ్‌కి పంపితే ఒకటే మాట: "ముమ్తాజ్." అంటే బ్రహ్మాండం అని. ఖలాస్, ఆ మాటతో నా పని అయిపోయింది. అక్కడితో ఆగుంటే ఇవాళ మీకు చెప్పడానికేం ఉండేది కాదు.

బండికున్న కొక్కెం విప్పేసి, "మంగా, ఇదే మనిల్లు. కుడికాలు పెట్టు" అన్నాను. కుడికాలు పెట్టి లోపలికెళ్ళింది. ప్రతి అరా తీసింది, వేసింది. బల్ల మడిస్తే మంచం అవుద్దంటే, మడిచి చూసింది, తీసి చూసింది. కుళాయి తిప్పి, అడుగున ట్యాంకులో చప్పుడవుద్దేమోనని నేలకి చెవి పెట్టింది. అంతా అయ్యేక సంచీలోంచి ఒక కొత్త స్టీలు గిన్నె, పాలు, పసుపు, కుంకం తీసింది.

"ఇవెందుకు?" అన్నాను.

"పాలు పొంగించొద్దాండీ?"

"మంగా, ఇది అర్బాబ్ ఇల్లు. రేపు పొద్దున వాళ్ళొస్తారు."

"రేపటి దాకా మనదేగా. మనిద్దరమే ఉన్న ఇల్లు నాకిదే మొదటిది. పాలు పొంగించకుండా అన్నం వండమంటారా?"

ఈ మాటకి మీరైతే ఏమనేవోళ్ళు? నేనెళ్ళి గ్యాసు తిప్పేను.

గిన్నెకి పసుపు రాసి, బొట్టెట్టి, పొయ్యి మీద పెట్టింది. ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. పాలు తూర్పుకో ఉత్తరానికో పొంగితే మంచిదంటారుగా. నురగ లేచింది, అంచు దాకా వచ్చింది, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగింది, తిన్నగా పడమటికి పొంగింది. పొంగిందంటే మామూలుగా కాదు, చెరువుకి దారి ఎవరో చెప్పినట్టు పోయింది.

మంగ మొహం చూసేను. పొయ్యి కట్టేసింది.

"దుబాయ్‌లో దిక్కులు వేరే మంగా. ఇక్కడ అదే తూర్పు" అన్నాను.

"పొద్దు అటేగా దిగుతంది" అంది, కిటికీలోంచి చూపించి.

ఆ మొహం ఏసుకుని ఏం చెప్పుద్ది, నేనేం వింటాను? అక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. మామూలు ఇల్లైతే ఏం చేస్తాం, ఏడుస్తాం. ఇది చక్రాల ఇల్లు. ఇల్లు పడమటికి వాలిందంటే, ఇంటిని అటుదిటు తిప్పేస్తే వాలు తూర్పుకొస్తది. ఔనా కాదా? మీరూ ఔననుకుంటన్నారు కదా. మంగ కూడా ఔననుకుంది. "తిప్పొచ్చాండీ?" అంది, కళ్ళు ఇంతింత చేసుకుని. ఇల్లు తిప్పగలిగే మొగుడు ఎంతమందికి ఉంటాడు చెప్పండి.

గ్యాసు కట్టేసేను. గిన్నెలో మిగిలిన పాలు, మూతేసి, మంగ ఒళ్ళో పెట్టుకుంది. కొక్కెం మళ్ళీ తగిలించేను. మంగని ముందు సీట్లో కూచోబెట్టుకుని, ఒంటి చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి కిటికీ మీద, గుండ్రంగా తిప్పేను. నా బండి గట్టి నేల మీదే తిరిగింది. నా బండికేం లోటు రాలేదు. కానీ ఎనకాల ఇల్లు నేనెళ్ళిన దారినే రాదుగా, మూల కోసుకుని లోపల నుంచి వస్తది. అలా వచ్చి బోర్డు పక్కన నుంచి కిందకి దిగి, తడి ఇసకలో చక్రం పెట్టింది. ఎనకాల నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టయింది.

"ఏవండీ, ఇల్లు రావట్లేదు" అంది మంగ. మెడ తిప్పి చూస్తా ఉంటది కదా, ముందు తనకే తెలిసింది.

"వస్తది, వస్తది" అని ఏక్సిలేటర్ తొక్కేను. తొక్కే కొద్దీ దిగింది. దిగి చూద్దునా, నీళ్ళ వైపు చక్రం సగం లేదు. అచ్చం బోర్డు మీద బొమ్మలాగే ఉంది. ఆ బొమ్మ గీసినోడెవడోగానీ చాలా పనోడు.

లోపల ఎలా ఉందోనని ఇద్దరం తలుపు తీసుకుని ఎక్కేం. ఎక్కేం అంటే, ఎక్కగానే జారేం. మంగ గిన్నెతో సహా జారి నీళ్ళ వైపు గోడకి అతుక్కుంది, నేను మంగకి అతుక్కున్నాను. మూత ఊడి మిగతా పాలు కూడా అటే పోయినాయి. సరేగానీ, ఇంటికి మేమిద్దరమే, ఇంత దగ్గిరగా ఎప్పుడూ కూచోలేదు కూడా. "చెప్పాలన్నావుగా మంగా, ఇప్పుడు చెప్పు" అన్నాను.

చెప్పడానికి నోరు తెరిచింది. బయట హారన్ కొట్టేరు.

ఇక్కడోళ్ళ సంగతి మీకు తెలుసు. ఇసకలో దిగబడ్డ బండి కనబడితే పెళ్ళి పిలుపొచ్చినట్టే. ఒక బండి ఆగింది, అందులోంచి ఒకాయన దిగి తాడు తీసేడు. ఇంకో బండి వచ్చింది, అతను పార తీసేడు. మొదటి చోట స్పీకరు పెట్టుకున్న పాతికమంది కుర్రాళ్ళు కూడా స్పీకరుతో సహా వచ్చేసేరు. ఒకడు లాగమంటాడు, ఒకడు ఆగమంటాడు, మిగతావాళ్ళు వీడియో తీస్తన్నారు. ఆ వీడియోల్లో ఒకటి అటు తిరిగి ఇటు తిరిగి ఎక్కడికెళ్ళి ఆగిందో చెప్పుకోండి. మా అర్బాబ్ ఫోన్లో.

పొద్దు దిగేసరికి ఆయన వచ్చేడు. ఒక్కడే కాదు, పెళ్ళాం, పిల్లలు, వాళ్ళమ్మ, చిన్నాన్న, చిన్నాన్న డ్రైవరు, రేపు రావాల్సినోళ్ళంతా ఇవాళే వచ్చేసేరు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మంగ నా ఎనకాల నిలబడి చొక్కా పట్టుకుంది. ఆయన తిన్నగా కారవాన్ దగ్గిరకెళ్ళేడు. చక్రాల్లో గాలి కాస్త తగ్గించి, ముందు పార పట్టించి, రెండు బళ్ళు కట్టి, ఇంటిని మెల్లగా లాగేడు. వచ్చేసింది. గీత కూడా పడలేదు. మంచి పనోడే అర్బాబ్ కూడా, నా అంత కాకపోయినా.

అప్పుడు నా దగ్గిరకొచ్చి అడిగేడు: "గట్టి నేల మీద ముమ్తాజ్‌గా పెట్టేవ్. మళ్ళీ ఎందుకు కదిపేవ్?"

ఏం చెప్తాం? ఉన్నది చెప్పేను. పాలు, పొంగు, తూర్పు, మంగ మొహం, అన్నీ నాకొచ్చిన హిందీలో. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు, చాలా శ్రద్ధగా విన్నాడు. "పాలు ఎటు పొంగాలి?" "ఎన్నిసార్లు చెయ్యాలి?" "అద్దె ఇంట్లో కూడా చేస్తారా?" అని ఒకటే ప్రశ్నలు. వాళ్ళమ్మ పక్కనే కుర్చీలో కూచుని అరబీలో చెప్పించుకుంటంది. బోర్డు పక్కన ఒక పిడికిలంత గుండ్రాయి కనబడితే అర్బాబ్ దాన్ని గట్టు మీద పెట్టేడు. అది చెరువు వైపుకి దొర్లుకుంటా పోయింది.

"చూసేవా వెంకట్" అన్నాడు. "వాలింది ఇల్లు కాదు, నేల. ఇంటిని ఎన్నిసార్లు తిప్పినా పాలు చెరువుకే పోతాయి."

అంటే ఇది ముందే చెప్పాలి కదండీ మనిషికి.

ఇంకా అయిపోలేదు. ఆయన కారవాన్ మూలకెళ్ళి వంగి, మడిచిన ఆ ఇనప కాలు ఉంది చూసేరా, దాన్ని కిందకి దించి, ఒక హ్యాండిలు తగిలించి నాలుగు తిప్పులు తిప్పేడు. ఇల్లు బుద్ధిగా పైకి లేచింది. వాలు ఎటు కావాలంటే అటు. చిన్నపిల్లోడు కూడా తిప్పుతాడు. మంగ ఆ కాళ్ళ వైపు చూసింది, నా వైపు చూసింది. "అందానికే కదండీ" అంది. అంతే అంది. అదే నాకు ఇంకా గుచ్చుకుంటంది.

అర్బాబ్ వాళ్ళమ్మ ఏదో అంది. ఆయన నవ్వుకుంటా, "మా అమ్మ చూస్తానంటంది. మళ్ళీ పొంగించమను" అన్నాడు. వాళ్ళు తెచ్చుకున్న పాలు పోసి, మంగ మళ్ళీ గిన్నె పెట్టింది. అర్బాబ్ ఆ ఇనప కాలుని ఇంకో అర తిప్పు తిప్పేడు. ఇంటినిండా జనం, తలుపు దగ్గిర జనం, కిటికీ బయట ఆ పాతికమంది. పాలు లేచినాయి, పొంగినాయి, తూర్పుకి. పెద్దావిడ చప్పట్లు కొట్టింది. బయట స్పీకరు మోగింది. మంగ ఆ పాలతోనే సేమ్యా పాయసం చేస్తే అందరూ గ్లాసుల్తో తాగేరు. పెద్దావిడ మంగని పక్కన కూచోబెట్టుకుని బుగ్గలు నిమిరి, ఈ చోటు నాకు నచ్చింది, ఇవాళే ఉండిపోదాం అంది.

ఉండిపోయేరు. ఆ మంచం మీద పెద్దావిడ, ఈ మంచం మీద పిల్లలు. పాలు పొంగించుకుంది మేము, కాపరం పెట్టింది అర్బాబ్ ఫ్యామిలీ. "వెంకట్, నువ్వు అలిసిపోయేవ్, చిన్నాన్న బండిలో ఇంటికెళ్ళు" అన్నాడు. చిన్నాన్న డ్రైవరు పఠాను, మంచోడు, దారంతా వాళ్ళ ఊళ్ళో మేనకోడలి పెళ్ళి గురించి ఎనక్కి తిరిగి తిరిగి చెప్తానే ఉన్నాడు. మంగ రెండుసార్లు "ఏవండీ" అంది, రెండుసార్లూ అతను "హా బెహన్" అన్నాడు.

అల్ నహ్దాలో బావ తలుపు తీసేడు. రేపు వస్తామన్నోళ్ళం ఇవాళే వచ్చేసరికి ఆయన మొహం చూడాలి. మా బట్టల నిండా ఇసక, మంగ చీర మీద పాలు. "ఏమ్మా, మీ ఆయన చూసిన చోటెలా ఉంది?" అనడిగేడు.

మంగ చెప్పులు విప్పుతా, "చాలా బాగుందన్నయ్యా. ఎంత బాగుందంటే, మేం దిగకముందే ఇల్లు దిగిపోయింది" అంది. తర్వాత మొత్తం కథ చెప్పింది, ఇనప కాళ్ళతో సహా. బావ సోఫాలో పడి నవ్వేడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడం, నవ్వడం. మేం పరదా ఎనక్కెళ్ళినా ఆపట్లేదు. నేను పరదాలోంచి తల బయటపెట్టి, "ఇల్లు తిప్పింది మాత్రం నేనే" అన్నాను. అది ఇనేసరికి ఇంకా ఎక్కువైంది. నేనెక్కడ నొచ్చుకుంటానోనని పాపం, నవ్వు వినబడకుండా టీవీ సౌండు పెంచేసేడు. బాగా పెంచేడు.

ఆ మోతలో మంగ నా చెవి దగ్గిర, తెచ్చుకున్న మాట చెప్పేసింది. ఏం చెప్పిందో మీకెందుకు, టీ తాగండి. అవతల బావ "ఏం బావా" అన్లేదు, ఆయనకేం వినబడలేదు. సౌండు పెంచితే సరిపోతుందని ముందే తెలిస్తే, నేను ఇల్లెందుకు తిప్పేవాణ్ణిరా.